హోనస్ వాగ్నర్ - ఒక చిన్న పటము వెల

మన దేశమున క్రికెట్టు ఎట్లు జనుల హృదయములను ఆకర్షించుచున్నదో, అమెరికా సంయుక్త రాష్ట్రములందు బేస్‌బాల్ ఆట అట్లే తరతరములుగ ఆకర్షించుచున్నది. ఆ యాటకు సంబంధించిన పాత బంతులు, బ్యాట్లు, చొక్కాలు, సంతకములు, క్రీడాకారుల బొమ్మలు గల చిన్న అట్టముక్కలు సేకరించువారు ఆ దేశమున అసంఖ్యాకులు. వానికి వెల కట్టుట ఒక ప్రత్యేక విద్యగా వృద్ధి చెందినది. అట్టి అట్టముక్కలలో ఒకటి 2022వ సంవత్సరమున 72,50,000 డాలర్లకు అమ్ముడుపోయినది. దాని పొడవు మూడంగుళములు కూడ లేదు. దానిపై ముద్రితమైన ముఖము హోనస్ వాగ్నర్ అను క్రీడాకారునిది. ఆతని జీవితము తెలిసిననే కాని ఆ వెల మనకు అర్థము కాదు.

వాగ్నర్ 1874 ఫిబ్రవరి 24వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమున, పిట్స్‌బర్గు నగర సమీపమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు కార్నెగీ పట్టణములో చేరియున్నది. తలిదండ్రులు జర్మనీ నుండి వలస వచ్చినవారు. తండ్రి బొగ్గుగనిలో పనివాడు. సంతానము అధికము, సంపాదన స్వల్పము. పన్నెండేండ్ల ప్రాయమున బాలుడు బడి విడిచి, తండ్రికిని అన్నలకును తోడుగా గనిలోనికి దిగెను. తీరిక దొరికినపుడెల్ల అన్నదమ్ములు బేస్‌బాల్ ఆడుచుండిరి. అన్న ఆల్బర్టు అప్పటికే ఆ యాటను వృత్తిగా స్వీకరించి యుండెను. తమ జట్టునకు ఒక ఆటగాడు కావలసి వచ్చినపుడు అతడు తమ్ముని పేరు సూచించెను. ఇట్లు 1895లో ఒహాయో రాష్ట్రమునందలి స్ట్యూబెన్‌విల్ పట్టణమున వాగ్నర్ క్రీడాజీవితము ఆరంభమైనది.

1897లో లూయీవిల్ జట్టు అతనిని చేర్చుకొని పెద్ద లీగునకు కొనివచ్చెను. 1900 నుండి 1917 వరకు అతడు పిట్స్‌బర్గు పైరేట్సు జట్టున, అనగా సొంత ఊరి జట్టున, ఆడెను. చూపులకు అతడు ఆటగానివలె కనిపించువాడు కాడు. కాళ్లు విల్లువలె వంగి యుండెడివి, ఛాతీ విశాలము, చేతులు మిక్కిలి పొడవు, అరచేతులు చేటలంత. కాని రెండవ, మూడవ బేసుల నడుమ నిలిచి బంతి నాపవలసిన కఠినమైన స్థానమున అతనిని మించినవాడు లేడని నేటికిని ఎందరో విమర్శకుల అభిప్రాయము. నేషనల్ లీగున బ్యాటింగు ప్రథమస్థానము అతనికి ఎనిమిది మారులు లభించినది. బంతి విసరువాడు ఏమరి యుండగా ఒక బేసు నుండి మరియొక దానికి పరుగెత్తి చేరుటను ఆ యాటలో దొంగిలించుట యందురు. అట్లు అతడు ఏడువందల సార్లకు మించి దొంగిలించెను.

అపజయము కూడ అతనికి తెలియనిది కాదు. 1903లో జరిగిన మొదటి వరల్డ్ సిరీసు పోటీలో బోస్టను జట్టు చేతిలో పిట్స్‌బర్గు ఓడినది. వాగ్నర్ ఆట పేలవమైనది. ఆరేండ్ల తరువాత, 1909లో, డిట్రాయిట్ జట్టుతో మరల వరల్డ్ సిరీసు ఆడవలసి వచ్చెను. ఆ జట్టున మహా ప్రతిభావంతుడగు టై కాబ్ ఉండెను. ఏడు ఆటల ఆ పోరాటమున పిట్స్‌బర్గు గెలిచినది. వాగ్నర్ ఆట కాబ్ ఆటకన్న మిన్నగా నుండెను. నాటితో 1903 నాటి కళంకము తొలగినది.

కీర్తితోపాటు వ్యాపారులు వచ్చిరి. 1905లో లూయీవిల్ నగరమునందలి హిల్లెరిక్ సంస్థ వాగ్నర్‌తో ఒప్పందము చేసికొని, అతని సంతకమును తమ బ్యాట్లపై ముద్రించి విక్రయించెను. క్రీడాకారుని సంతకమును డబ్బిచ్చి వస్తువుపై ముద్రించు ఆచారమునకు ఇది తొలి ఉదాహరణములలో ఒకటి. కాగా వాగ్నర్ తన పేరు వ్యాపారమున వాడబడుట నిషిద్ధమని భావించినవాడు కాడు. ఈ విషయము ముందు కథకు ముఖ్యము.

1909లో అమెరికన్ టొబాకో కంపెనీవారు తమ సిగరెట్టు పెట్టెలలో క్రీడాకారుల రంగు పటములను ఉంచి విక్రయింప నారంభించిరి. 1911 వరకు వెలువడిన ఆ వరుసలో ఐదువందలకు పైగా పటములు కలవు. వాగ్నర్ పటము కూడ అచ్చు కాసాగినది. కాని అతడు సమ్మతింపలేదు. కొలది ప్రతులు బయటికి పోవుసరికి ముద్రణ నిలిచిపోయినది. 1912లో ఒక క్రీడాపత్రిక ఈ వృత్తాంతమును ప్రకటించెను. పిట్స్‌బర్గు పత్రికారచయిత జాన్ గ్రూబర్ అనునతడు వాగ్నర్ అనుమతి సంపాదించి యిచ్చినచో పది డాలర్లు ఇత్తుమని కంపెనీవారు చెప్పిరట. వాగ్నర్ నిరాకరించుచు జాబు వ్రాసి, తన వలన మిత్రునికి నష్టము కలుగరాదని తలంచి, పది డాలర్ల చెక్కును దానితో జతపరచెనట. గ్రూబర్ ఆ చెక్కును మార్చుకొనక చట్రము కట్టించి దాచుకొనెనట.

నిరాకరణకు కారణమేమి? పిల్లలు పటముల కొరకై సిగరెట్లు కొందురని అతడు బాధపడెనని కొందరు చెప్పుదురు. తగిన సొమ్ము ముట్టనందుననే కాదనెనని మరికొందరు వాదింతురు. అతడు స్వయముగ పొగాకు నమలువాడు. అంతకుముందు చుట్టలపెట్టెలపై అతని బొమ్మ వెలువడినది కూడ. కావున పొగాకుపై ద్వేషమే కారణమని నిశ్చయించుట కష్టము. కాని కేవల ధనాశ గలవాడు తన జేబులోని పది డాలర్లను మిత్రునికి పంపునా? ఈ ప్రశ్న కూడ విస్మరింపదగినది కాదు.

1917లో వాగ్నర్ ఆట విరమించెను. క్రీడాసామగ్రి అంగడి అతని చేతిలో నిలువలేదు. ఆర్థికమాంద్యపు రోజులలో, 1933లో, పైరేట్సు జట్టు అతనిని శిక్షకునిగ తిరిగి పిలిచినది. 1951 వరకు అతడు ఆ కొలువున నుండి యువకులకు ఆట నేర్పెను. 1936లో బేస్‌బాల్ కీర్తిమందిరమునకు ప్రథమముగ ఎన్నికైన ఐదుగురిలో అతడొకడు; బేబ్ రూత్‌తో సమానముగ ఓట్లు పొందెను. 1955 ఏప్రిలులో పిట్స్‌బర్గున అతని విగ్రహము ఆవిష్కృతమైనది. ఆ యేడు డిసెంబరు 6వ తేదీన, 81వ యేట, కార్నెగీలో అతడు కన్నుమూసెను.

పటమునకు వెల ఏర్పడిన తీరు ఇక చెప్పవలసియున్నది. సిరక్యూస్ నగరమునందలి జెఫర్సన్ బర్డిక్ అను సామాన్యోద్యోగి ఇట్టి పటములన్నిటిని వర్గీకరించి పట్టిక తయారుచేసెను. టీ-206 అని ఈ వరుసకు పేరిడినవాడు అతడే. కీళ్లనొప్పులతో చేతులు వంకరపోయినను, మూడు లక్షలకు మించిన తన సేకరణనంతటిని న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ మ్యూజియమునకు దానము చేసి, పుస్తకములలో స్వయముగ అతికించి, 1963లో ఆ పని ముగిసిన కొలదివారములకే మరణించెను. పటములు సెంట్లలో చేతులు మారుచున్న 1930 దశాబ్దమునందే వాగ్నర్ పటమునకు 50 డాలర్ల వెల కట్టబడినది.

వెల కట్టువారు ముఖ్యముగ నాలుగు విషయములు చూతురు: అరుదుదనము, వస్తువు స్థితి, అది ఎవరి చేతుల మీదుగ వచ్చెనను వంశచరిత్ర, కోరువారి సంఖ్య. అరుదుదన మొక్కటియే చాలదు. అదే వరుసలో ఎడ్డీ ప్లాంక్ పటము కూడ మిక్కిలి అరుదు. అతడును గొప్ప ఆటగాడే. ఐనను దాని వెల వాగ్నర్ పటము వెలకు చాల దూరము. వాగ్నర్ విషయమున అరుదుదనమునకు ప్రతిభయు, ప్రతిభకు కథయు తోడైనవి. నేడు తెలిసిన ప్రతులు సుమారు 60 మాత్రమే.

స్థితిని ఒకటి నుండి పది వరకు అంకెలతో నిర్ణయింతురు. ఎనిమిది అంకె పొందిన ఒక వాగ్నర్ పటము 1985లో 25,000 డాలర్లకును, 1991లో 4,51,000 డాలర్లకును, 2007లో 28 లక్షల డాలర్లకును అమ్ముడైనది. దాని అంచులు అంత చక్కగ నుండుటయే కొందరికి అనుమానము కలిగించెను. తుదకు 2013లో, దానిని మునుపు విక్రయించిన వేలము వ్యాపారి, అంచులు తానే కత్తిరించితినని న్యాయస్థానమున ఒప్పుకొనెను. కాగా 2021లో మూడంకె గల ప్రతి 66 లక్షల డాలర్లను, 2022లో రెండంకె గల ప్రతి 72,50,000 డాలర్లను తెచ్చినవి. కాలము మారి గిరాకి పెరిగిన మాట నిజము. కాని మూలలు అరిగి మడతలు పడిన పటమును కొనువాడు ఏమి కొనుచున్నాడో ఎరిగియే కొనును. కత్తిరించిన దానిని కొనువాడు ఎరుగడు.

మన యిండ్లలోను పాత తపాలాబిళ్లలు, నాణెములు, పెద్దల సంతకములు పెట్టెల అడుగున నుండవచ్చును. వానిని తోమి, కత్తిరించి, క్రొత్తవానిగ చేయుట మేలు కాదు. అవి ఎవరివి, ఎట్లు వచ్చెనను విషయము ఒక కాగితముపై వ్రాసి జతపరచుట మేలు. వాగ్నర్ ఆ పటము అచ్చొత్తవలదని కోరెను. అతని మాట మన్నింపబడుటచేతనే అది దుర్లభమై, అతని జీవితకాలపు సంపాదన నంతటిని మించినది. కొనువారు లక్షలు పోసి కొనుచున్నది, ఒక బొగ్గుగని కూలివాని కుమారుడు వ్యాపారులకు కాదని చెప్పిన ఆ యొక్క మాటనే.