చిత్రకారుడు రాజా రవివర్మ

మన ఇండ్లలోని దేవుని గూటిని ఒకసారి పరికించి చూడుడు. పద్మముపై నిలిచిన లక్ష్మి, వీణ వాయించుచున్న సరస్వతి పటములు అచట కానవచ్చును. కన్నులు మూసికొని లక్ష్మీదేవిని తలచుకొన్నచో పెక్కుమందికి ఆ మూర్తియే మనస్సున నిలుచును. దేవతలను కన్నులార చూచినవారము కాము. అయినను ఇందరి మనస్సులలో ఒకే రూపము ఎట్లు కుదిరెను? దీనికి సమాధానము కేరళదేశపు చిత్రకారుడొకని జీవితమున కలదు. అతడే రాజా రవివర్మ.

రవివర్మ 1848వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానమునందలి కిళిమానూరు రాజభవనమున జన్మించెను. తల్లి కవయిత్రి, తండ్రి సంస్కృత పండితుడు. పురాణగాథలు వినుచు, కథకళి ఆటలు చూచుచు ఆ బాలుడు పెరిగెను. చిన్ననాట బొగ్గుముక్కతో గోడలన్నియు బొమ్మలతో నింపుచుండెనట. ఇంటివారు విసుగుకొన్నను, మేనమామ రాజరాజవర్మ ఆ గీతలలో దాగిన ప్రతిభను గుర్తించెను. తంజావూరు పద్ధతిలో చిత్రములు వ్రాయు ఆయనయే మేనల్లునికి తొలి గురువయ్యెను.

1862లో మేనమామ అతనిని తిరువనంతపురమునకు కొనిపోయి ఆయిల్యం తిరునాళ్ మహారాజునకు చూపెను. మహారాజు పదునాలుగేండ్ల ఆ బాలుని ఆదరించి ఆస్థానమున నిలుపుకొనెను. తైలవర్ణములతో చిత్రించు విద్య ఆనాడు మన దేశమున క్రొత్తది. ఆస్థాన చిత్రకారుడగు రామస్వామి నాయుడు దాని నెరిగినవాడు. కాని తనకు పోటీ ఏర్పడునను శంకతో నేర్పుటకు అంగీకరింపలేదు. ఆయన శిష్యుడు ఆరుముఖం పిళ్ళై మాత్రము రహస్యముగా వచ్చి, తనకు తెలిసినంత చెప్పుచుండెనట.

1868లో థియొడోర్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుడు రాజకుటుంబము వారి రూపచిత్రములను వ్రాయుటకు వచ్చెను. అతడును విద్యను చెప్పుటకు ఇష్టపడలేదు. మహారాజు కోరికను కాదనలేక, తాను పనిచేయునప్పుడు ప్రక్కన నిలిచి చూచుటకు మాత్రము సమ్మతించెను. రవివర్మకు అంతమాత్రము చాలెను. ఏ వన్నె ముందు పూయవలెనో, దేనిపై దేనిని పూయవలెనో కన్నులతోనే గ్రహించి, పిదప ఒంటరిగా సాధన చేసెను. ఏకలవ్యుని వలె అతడును గురువు నేర్పని విద్యను పట్టుదలతో సాధించెను.

ఆ సాధన వ్యర్థము కాలేదు. 1873లో మద్రాసు చిత్రకళా ప్రదర్శనమున అతడు వ్రాసిన నాయరు స్త్రీ చిత్రమునకు గవర్నరు స్వర్ణపతకము లభించెను. 1876లో, దుష్యంతునకు లేఖ వ్రాయుచున్న శకుంతల చిత్రమును మద్రాసు గవర్నరగు బకింగుహాం ప్రభువే కొనెను. నాటినుండి అతని మనస్సు పురాణగాథలవైపు మరింతగా మొగ్గెను.

1888లో బరోడా మహారాజగు శాయాజీరావు గాయక్వాడు పురాణేతిహాసములనుండి పదునాలుగు చిత్రములను వ్రాసి ఇమ్మని కోరెను. ఇచట రవివర్మకు పెద్ద చిక్కు ఏర్పడెను. ఎదుట కూర్చున్న మనుష్యుని చూచి వ్రాయుట వేరు. ఎవ్వరును చూడని వారిని చూచినట్లు వ్రాయుట వేరు. ద్రౌపది చీర కట్టు ఎట్టిది? నలుని వేషమెట్టిది? ఒక ప్రాంతపు కట్టు వ్రాసినచో మరియొక ప్రాంతమువారు ఆమె తమ ద్రౌపది కాదందురు. దీనిని తేల్చుకొనుటకు అతడు తన తమ్మునితో కలిసి దేశసంచారము చేసెను. మేనమామ పేరే గల ఆ తమ్ముడును చిత్రకారుడే. పురాతన శిల్పములను, పలు ప్రాంతముల వేషభాషలను వారు పరిశీలించిరి. ఎచటను ఒకే సమాధానము దొరకలేదు. తుదకు రవివర్మ మహారాష్ట్రపు చీరకట్టును, దక్షిణదేశపు ఆభరణములను మేళవించి, పలువురు తమదిగా భావింపదగిన వేషము నొకదానిని కల్పించెను. ఆ చిత్రములు పూర్తియై తిరువనంతపురమునను, బొంబాయిలోను ప్రదర్శింపబడినప్పుడు జనులు తీర్థమునకు వచ్చినట్లు వచ్చి చూచిరి.

లోకమున లేనివానిని నమ్మదగినట్లు చూపుటయే రవివర్మ నేర్పు. మాటలాడు హంసను ఎట్లు వ్రాయుట? మాటకు రంగు లేదు. అందుచే అతడు హంస ఎదుట నిలిచి మైమరచి వినుచున్న దమయంతిని వ్రాసెను. ఆమె వినుట చూచిన మనకు హంస పలుకు వినబడినట్లే తోచును. జటాయువు రెక్కను రావణుడు ఖండించు చిత్రమున సీత ఆ ఘోరమును చూడలేక ముఖమును కప్పుకొనును. అది చూచినప్పుడు ఆ పక్షి బాధ మనకును తగులును. నాలుగు చేతుల దేవిని వ్రాయునప్పుడును సజీవమగు స్త్రీమూర్తినే ఆధారముగా గైకొని, నీడలను, మడతలను సహజముగా కూర్చెను. ఇట్లు అద్భుతమైన కల్పన నిత్యజీవితముపై నిలబడి నిజమనిపించెను.

అయితే ఆ చిత్రములు రాజభవనములలో వ్రేలాడినంతకాలము వానిని చూచు భాగ్యము కొందరికే పరిమితము. వానిని అచ్చువేయించి ప్రజలకు అందింపుమని దివానుగా పనిచేసిన సర్ టి. మాధవరావు పూర్వమే సలహా ఇచ్చియుండెను. 1894లో రవివర్మ బొంబాయి సమీపమున ఘాట్కోపరులో శిలాముద్రణాలయమును స్థాపించి, జర్మనీనుండి యంత్రములను, పనివారిని రప్పించెను. ఒక చిత్రమునందలి ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి కావలెను. అదే కాగితమును ఒక రాయి తరువాత మరియొక రాయిపై, వెంట్రుకవాసి తొలగకుండ అచ్చొత్తవలెను. అట్లు మొదట వెలువడినది శకుంతల జనన చిత్రము. అనతికాలములోనే లక్ష్మీ సరస్వతుల పటములు దేశమంతట వ్యాపించి తెలుగునాటి ఇండ్లకును చేరెను.

ఇందలి గొప్పతనమును ఒక విషయము వలన గ్రహింపవచ్చును. రవివర్మ పుట్టిన తిరువాన్కూరులో అంటరానివారని త్రోసివేయబడిన ప్రజలకు 1936వ సంవత్సరము వరకు ప్రభుత్వ దేవాలయములలో ప్రవేశమే లేకుండెను. గుడి తలుపు మూయబడిన వారికిని అచ్చుపటము దైవదర్శనము కలిగింపగలిగెను.

కాని ముద్రాలయము అతనికి ధనము నీయలేదు. బొంబాయిలో మహామారి వ్యాపించెను, అప్పులు పెరిగెను. 1899లో దానిని లోనావళా సమీపమునందలి మళవలికి తరలించినను నష్టములు తీరలేదు. తుదకు దానిని జర్మను నిపుణుడగు ఫ్రిట్జ్ ష్లైఖరునకు అమ్మివేయవలసి వచ్చెను. అతని కళను విమర్శించిన వారును కలరు. దేవతలను నాటకపాత్రల వలె వ్రాసెననియు, ఐరోపా పద్ధతిని అనుసరించెననియు వంగదేశపు నవ్యచిత్రకళాభిమానులు ఆక్షేపించిరి. ఆ విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. అయినను ప్రజలు ఆ పటములను తమ గోడలనుండి దింపలేదు.

1905లో కుడిభుజము వంటి తమ్ముడు మరణించెను. మధుమేహముచే కృశించియు రవివర్మ కుంచెను విడువక, మైసూరు మహారాజు కోరిన పురాణచిత్రములను వ్రాసెను. 1906వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన తాను పుట్టిన కిళిమానూరులోనే కన్నుమూసెను. 1979లో భారత ప్రభుత్వము అతని చిత్రములను జాతీయ కళానిధులుగా ప్రకటించెను.

బాలబాలికలారా! విద్యను దాచుకొనిన వారి నడుమ రవివర్మ దానిని సాధించెను. సాధించిన పిదప తాను దాచుకొనలేదు. రాజుల గోడలపై నిలిచిన తన కళను పేదల గుడిసెలకు పంపి, అందువలన కలిగిన నష్టమును తానే భరించెను. విద్య దాచినవాని యొద్ద ముగియును. పంచినవాని తరువాతను జీవించును.