నీలిరంగు వెనుక యల్లాప్రగడ

ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ అంచనా కట్టిన ప్రతివాడికీ ఆ నీలిరంగు తెలుసు. ఆమ్ల ద్రావణంలో మాలిబ్డేటు పోసి, రిడ్యూసింగ్ ఏజెంటు కలిపి, రంగు తేలాక కలరీమీటరులో చూసి రికార్డు రాసేస్తాం. పద్ధతి పేరు ఫిస్కే-సుబ్బారో. వాకాడులో, స్వర్ణముఖి ఒడ్డున కూర్చుని చదువుకునే మనం కూడా ఆ రెండో పేరు ఏ దొరదో అనుకుని ఊరుకుంటాం. ఆయన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

పుట్టింది 1895 జనవరి 12న. చిన్నతనంలో చదువు మీద కంటే సంపాదన మీద ధ్యాస ఎక్కువ. కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముదామని ఇల్లు విడిచి పారిపోతే, తల్లి వెంకమ్మ గారు పట్టి తెప్పించారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు (ఫెయిలైన మిత్రులు గమనించ ప్రార్థన!). మామగారి సాయంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి, ఖద్దరు గౌనుతో ఆపరేషన్ థియేటరుకు వెళ్లేసరికి సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డుకు ఒళ్లు మండింది. ఎం.బి.బి.ఎస్. రావలసిన మనిషికి ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. ఈలోగా ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో చనిపోయారు. ఆ దెబ్బ ఆయన మరిచిపోలేదు.

కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతో, భార్య శేషగిరి గారిని ఇక్కడే ఉంచి, 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. రాత్రిళ్లు ఆస్పత్రిలో చాకిరీ, పగళ్లు హార్వర్డులో చదువు. సైరస్ ఫిస్కే వద్ద చేసిన ఫాస్ఫరస్ పద్ధతి 1925లో అచ్చయింది. కండరాల సారంతో ఆ పరీక్ష చేస్తే రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఇంకొకరైతే రీఏజెంటు పాడైందని పారబోసేవారు. వీరు ఆ ఆలస్యాన్నే పట్టుకుని 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టారు. 1929లో ఏ.టి.పి.; అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్నే కనుక్కున్నాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. హార్మోన్ల పాఠంలో ఎలుక కొవ్వు ప్రయోగం వస్తుంది. ఆ కొవ్వు ముక్కను 37 డిగ్రీల ద్రావణంలో ఉంచి అడ్రినలిన్ వేస్తే ఫాటీ ఆమ్లాలు, గ్లిసరాల్ బయటికి వస్తాయి. ఇన్సులిన్ వేస్తే అవి తగ్గుతాయి. ప్రోప్రనలాల్ ముందే ఉంటే అడ్రినలిన్ పప్పు ఉడకదు. మన కాఫీలోని కెఫీన్ మాత్రం కరగడాన్ని పెంచుతుంది. ఎందుకు? అడ్రినలిన్ కణం లోపలికి పోదు, గడప దగ్గరే ఆగి కబురు పంపుతుంది. ఆ కబురే సైక్లిక్ ఏ.ఎం.పి. కొవ్వును విడగొట్టే లైపేజును అది ఒక కైనేజు ద్వారా మేల్కొలుపుతుంది. దాన్ని విరిచే ఎంజైమును కెఫీన్ అడ్డుకుంటుంది గనుక కబురు ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ సైక్లిక్ ఏ.ఎం.పి. తయారయ్యేది ఏ.టి.పి. నుంచే! దాన్ని కనుగొన్న సదర్లాండుకు 1971లో నోబెల్ వచ్చింది. ఎలుక కొవ్వు కణాలను 1964లో విడదీసి చూపిన రోడ్‌బెల్‌కు, ఆ కబురు దాటే దారిని కనుక్కున్నందుకు 1994లో వచ్చింది. ఏ.టి.పి. దగ్గర మొదట నిలబడ్డవారిలో ఒకరైన మనవాడికి హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం కూడా రాలేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. పేరు కోసం పోట్లాడే స్వభావం ఆయనది కాకపోవడమూ ఒక కారణమే.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి, అక్కడ పరిశోధనలను నడిపించారు. 1945లో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ జరిగింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అదే మందు! దానికి విరోధిగా తయారైన అమినోప్టెరిన్‌తో ఫార్బర్ బోస్టన్‌లో ల్యుకేమియా పిల్లలకు వైద్యం చేసి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. జబ్బు కొంతకాలమే తగ్గింది గాని, అంతవరకు ఆ మాత్రమూ లేదు. మన కోస్తా ఊళ్లలో బోదకాలు రాకుండా పంచే డి.ఇ.సి. మాత్ర కూడా ఆ ప్రయోగశాలలో, ఆయన హయాంలో, 1947లో వెలువడిందే.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగిపోయింది. వయసు 53. స్వదేశానికి తిరిగి రాలేదు, శేషగిరి గారిని మళ్లీ చూడలేదు.