చుక్కల చదువు

పొద్దు గూకిన తరువాత ఆడపిల్లలు వసతిగృహం దాటి వెలుపలికి పోరాదు. 1865 సెప్టెంబరులో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, పొకిప్సీ పట్టణంలో వాసర్ మహిళా కళాశాల తలుపులు తెరచినప్పుడు విద్యార్థినులకు విధించిన కట్టుబాట్లలో ఇది ఒకటి. అదే కళాశాల పాఠ్యప్రణాళికలో ఖగోళశాస్త్రం కూడ ఉంది. నక్షత్రాలు రాత్రివేళ తప్ప కనిపించవు. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చే బాధ్యత ఆ శాస్త్రానికి ఆచార్యురాలిగా నియమితురాలైన మరియా మిచెల్ మీద పడింది. అప్పటికి ఆమెకు నలభైయేడు సంవత్సరాలు. ఆమె ఏ కళాశాలలోనూ చదువుకొన్న వ్యక్తి కాదు.

మసాచుసెట్స్ తీరానికి ఆవల, అట్లాంటిక్ సముద్రంలో ఉన్న నాన్‌టకెట్ ద్వీపంలో 1818 ఆగస్టు 1న మరియా జన్మించింది. తిమింగిలాల వేట ఆ ద్వీపవాసుల జీవనాధారం. మగవారు ఓడలెక్కి వెళ్లితే తిరిగి ఇల్లు చేరడానికి కొన్ని సంవత్సరాలు పట్టేది. నడిసముద్రంలో వారికి దిక్కు చూపేవి నక్షత్రాలు, నౌకా గడియారాలు. గడియారం నాలుగు సెకన్లు తప్పితే, భూమధ్యరేఖ దగ్గర ఓడ ఉన్న చోటు సుమారు ఒక నాటికల్ మైలు తప్పుతుంది. మరియా తండ్రి విలియం మిచెల్ ఉపాధ్యాయుడు. ఆయన నక్షత్రాలను పరిశీలించి ఓడల గడియారాలను సరిచూచి ఇచ్చేవాడు. మిచెల్ కుటుంబం అనుసరించిన క్వేకర్ మతశాఖ ఆడపిల్లల చదువుకు అడ్డు చెప్పలేదు. 1831 ఫిబ్రవరిలో వలయాకార సూర్యగ్రహణం ఏర్పడినప్పుడు తండ్రి దూరదర్శిని వద్ద నిలువగా, పన్నెండేళ్ల మరియా గడియారం ముందు కూర్చుండి సెకన్లు లెక్కపెట్టింది. ఆ పరిశీలన ద్వారా తమ ఇంటి రేఖాంశాన్ని వారు గణించారు.

1836లో ఆమె నాన్‌టకెట్ ఎథీనియం గ్రంథాలయానికి గ్రంథపాలకురాలయింది. పగలు గ్రంథపఠనం, రాత్రి మేడమీద ఆకాశ పరిశీలన. ఇదే ఆమె కళాశాల. 1847 అక్టోబరు 1 రాత్రి, తండ్రి పనిచేసే బ్యాంకు కట్టడం పైకప్పు మీది నుంచి చిన్న దూరదర్శినితో చూస్తుండగా, పటాలలో లేని ఒక మసక వెలుగు ఆమెకు కనిపించింది. అది కొత్త తోకచుక్క. రోమ్ నగరంలో డి వికో అనే శాస్త్రజ్ఞుడు దానిని అక్టోబరు 3న చూశాడు. దూరదర్శినితో తోకచుక్కను మొదట కనుగొన్నవారికి డెన్మార్క్ రాజు బంగారు పతకం ప్రకటించి ఉన్నాడు. నిబంధనల ప్రకారం వార్త వెంటనే చేరలేదన్న చిక్కు వచ్చింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఎడ్వర్డ్ ఎవరెట్ పూనుకొని వాదించగా 1848లో పతకం మరియాకే దక్కింది. ఆ తరువాత అమెరికా నౌకా పంచాంగానికి శుక్రగ్రహ గతులను గణించే ఉద్యోగం ఆమెకు లభించింది. ఆ పని ఆమె చాలా ఏళ్లు చేసింది.

మద్యం తయారీ వ్యాపారంలో ధనికుడైన మాథ్యూ వాసర్ స్త్రీలకు పురుషులతో సమానమైన విద్య అందించదలచి కళాశాల నెలకొల్పాడు. అక్కడ అన్నింటికన్నా ముందు పూర్తయిన కట్టడం వేధశాల. అందులోని పన్నెండు అంగుళాల దూరదర్శిని నాటి అమెరికాలోని పెద్దవాటిలో ఒకటి. మరియా తండ్రితోపాటు ఆ వేధశాలలోనే కాపురం పెట్టింది. నియమం సంగతి ఆమె తన పద్ధతిలో తేల్చింది. రాత్రి పూట విద్యార్థినులు వేధశాలకు రావలసిందే.

ఆమె వద్ద ఖగోళశాస్త్రం మొదలుపెట్టిన విద్యార్థినికి గ్రంథంలోని వర్ణనలు కంఠస్థం చేసి గట్టెక్కే వీలు లేదు. దీర్ఘోపన్యాసాల మీద ఆ ఆచార్యురాలికి నమ్మకం తక్కువ. పిల్లలను చిన్న బృందాలుగా పిలిచి, చిన్న దూరదర్శినులు చేతికిచ్చి, చూచినదానిని చూచినట్లు రాయమనేది. ఉత్తర దక్షిణాలను కలుపుతూ నడినెత్తి మీదుగా పోయే ఊహారేఖను ఒక నక్షత్రం దాటే క్షణాన్ని పట్టుకోవాలి. దానినుంచి కాలాన్ని గణించాలి. గ్రహణం ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో స్వయంగా లెక్క కట్టాలి. 1868 నవంబరులో సింహరాశి దిక్కునుంచి ఉల్కలు రాలిన రాత్రి విద్యార్థినులు మేలుకొని వాటి దారులను నమోదు చేశారు. తరువాతి కాలంలో సూర్యబింబానికి ఛాయాచిత్రాలు తీసి, మచ్చల కదలికలను పరిశీలించారు. మనలో అశ్విని మొదలు రేవతి వరకు ఇరవైయేడు నక్షత్రాలను తడుముకోకుండా వల్లెవేసేవారు కొందరున్నారు. రోహిణి ఏదో చూపమంటే వారిలో చాలామంది నేల చూపులు చూస్తారు. అటువంటి చదువును మరియా మిచెల్ చదువుగా అంగీకరించలేదు.

మార్కులు వేయడం ఆమెకు గిట్టదు. మేధను అంకెలతో కొలవడం సాధ్యం కాదని ఆమె అభిప్రాయం. తరగతికి రానివారి లెక్క కూడ ఆమె రాసుకొనేది కాదు. ఈ మాట నేటి విద్యార్థులకు మిక్కిలి ప్రీతి కలిగించవచ్చు. అయితే లెక్క తప్పినవారు మళ్లీ మొదటినుంచి కట్టుకోవలసిన తరగతి అది.

ఇంతటి విదుషికి కళాశాల ఇచ్చిన జీతం పురుష ఆచార్యుల జీతం కన్నా చాలా తక్కువ. ఆమె, సహోద్యోగిని అయిన వైద్యురాలు అలైడా ఏవరీ కలసి దీనిని నిలదీసి జీతం పెంచుకొన్నారు. వెలుపలి లోకంతో పోరు ఇంతకన్నా కఠినమైనది. 1873లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే బోస్టన్ వైద్యుడు ఒక గ్రంథం ప్రచురించాడు. మగపిల్లలతో సమానంగా మెదడుకు పని పెడితే ఆడపిల్లల ఆరోగ్యం, ముఖ్యంగా సంతాన శక్తి దెబ్బతింటుందని అందులో వాదించాడు. వైద్యుడు రాసిన మాట కావడం వల్ల తల్లిదండ్రులు జంకారు. ఆ ఏడే స్థాపితమైన మహిళాభ్యుదయ సంఘంలో మరియా చురుకుగా పాల్గొన్నది, తరువాత అధ్యక్షురాలయింది.

1878 జూలై 29న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఆమె తన పూర్వ విద్యార్థినులను, చెల్లెలు ఫీబీని వెంటబెట్టుకొని డెన్వర్ నగరానికి రైలులో ప్రయాణమైంది. అప్పుడు ఆమెకు అరవై ఏళ్లు నిండవచ్చాయి. రెండు రైలు కంపెనీల కలహం వల్ల సామాను దారిలో చిక్కుకొన్నది. పరికరాలు లేకుండానే గ్రహణం గడిచిపోతుందేమోనన్న ఆందోళనతో కొన్ని రోజులు గడిచాయి. చివరకు అవి సమయానికి చేరాయి. సంపూర్ణ గ్రహణకాలం మూడు నిమిషాల లోపే. ఆ కొద్ది వ్యవధిలో ఒకరు సెకన్లు లెక్కపెట్టగా, ఇతరులు దూరదర్శినులతో చూస్తూ సూర్యుని చుట్టూ వెలిగే కాంతివలయాన్ని చిత్రించారు.

1888 చివర ఆరోగ్యం సన్నగిల్లి ఆమె విరమించుకొన్నది. 1889 జూన్ 28న లిన్ పట్టణంలో మరణించింది. ఆమె పీఠాన్ని అధిష్ఠించిన మేరీ విట్నీ ఆమె తొలి శిష్యురాళ్లలో ఒకరు. 1887లో పట్టం పుచ్చుకొన్న మరొక శిష్యురాలు ఆంటోనియా మోరీ హార్వర్డ్ వేధశాలలో చేరి నక్షత్రాల వర్ణపటాలను పరీక్షించింది. కొన్ని నక్షత్రాల గీతలు అసాధారణంగా సన్నగా ఉండడం ఆమె కంటబడింది. వేధశాల సంచాలకుడికి ఆ సూక్ష్మభేదం అనవసరమనిపించినా, తాను చూచినదానిని చూచినట్లే 1897లో ప్రచురించింది. కొన్నేళ్లకు హెర్ట్స్‌ప్రుంగ్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఆ సన్నని గీతల నక్షత్రాలు మిగిలినవాటికన్నా ఎన్నో రెట్లు ప్రకాశవంతమైన మహా నక్షత్రాలని గుర్తించాడు.