చిల్లు బిళ్లతో చిక్కు తీర్చిన షిల్లింగ్

బియాట్రిస్ షిల్లింగ్ 1909లో ఇంగ్లండులో పుట్టారు. 14 ఏళ్లకే మోటారు సైకిల్ కొనుక్కున్నారు. మాంచెస్టర్‌లో ఇంజినీరింగ్ చదివి, 1936లో ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో చేరారు.

రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల ముక్కును ఒక్కసారిగా కిందికి వంచితే కార్బురేటర్‌లో పెట్రోలు పైకి ఎగసేది. మొదట ఇంజిన్‌కు పెట్రోలు అందేది కాదు. మరుక్షణమే మితిమీరి పొంగి ఇంజిన్ ఆగేది. ఆ అదనులో జర్మన్ విమానాలు తప్పించుకునేవి.

షిల్లింగ్ పెట్రోలు వెళ్లే దారిలో సన్నని రంధ్రమున్న ఇత్తడి బిళ్ల పెట్టించారు. ఇంజిన్‌కు కావలసినంతే వెళ్లేది. విమానాన్ని పని మాన్పించకుండానే దాన్ని బిగించవచ్చు. 1941లో చిన్న బృందంతో వైమానిక స్థావరాలు తిరిగి అమర్చారు. 1943లో కొత్తరకం కార్బురేటర్ వచ్చేదాకా ఆ బిళ్లే పైలట్లను ఆదుకుంది. ఆమె 1990లో కన్నుమూశారు.

మన అమ్మాయి సైకిల్ విప్పుతుంటే కసరకండి; పానా అందించండి.