బొగ్గు జాడ తెలిపిన కింగ్ దొర

పుట్టపర్తి: చిత్రావతి పరివాహక ప్రాంతంలో బోరు వేస్తే నాలుగడుగుల మట్టి దాటగానే రాయి తగులుతుంది. కొన్నిచోట్ల నల్లటి రాతిపొడి పైకి వస్తుంది. నీళ్లు పడకపోయినా కింద బొగ్గయినా ఉంటే బాగుండునని కరువు రైతుకు ఆశ కలగడం సహజం. కాని ఈ నేల కింద బొగ్గు లేదు. ఎందుకు లేదో, తెలుగునేలపై అది ఎక్కడ ఉందో తెలుసుకోవాలంటే 150 ఏళ్ల కిందట ఈ రెండు ప్రాంతాలూ తిరిగిన డాక్టర్ విలియం కింగ్ కథ తెలుసుకోవాలి.

కింగ్ ఐర్లండ్ నుంచి వచ్చిన వ్యక్తి. తండ్రి పేరు కూడా విలియం కింగే. ఆయన గాల్వే కళాశాలలో భూగర్భ శాస్త్రం బోధించేవారు. 1864లో నియాండర్తల్ మానవునికి శాస్త్రీయ నామం పెట్టింది ఆ తండ్రే. కుమారుడు మాత్రం 1857లో భారత భూగర్భ సర్వేలో ఉద్యోగానికి చేరి మన దేశానికి వచ్చారు. ఓడలకు, రైళ్లకు బొగ్గు కావలసిన రోజులవి. 1851లో ఆ సర్వే శాఖ ఏర్పడటానికి బొగ్గు అన్వేషణే ముఖ్య కారణం.

కింగ్‌కు మద్రాసు ప్రెసిడెన్సీలో పని అప్పగించారు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫూట్‌తో కలిసి మద్రాసుకు సమీపంలోని అత్తిరంపాక్కం వద్ద ఆదిమానవుల రాతి పనిముట్లను గుర్తించారు. తరువాత ఆయన దృష్టి కడప, కర్నూలు సీమలపై పడింది. కొండలు, వాగులు గాలించి ఏ రాయి పైన ఏ రాయి ఉందో పటాలు గీశారు. ఆ వివరాలతో 1872లో పెద్ద గ్రంథం వెలువడింది. రాతి పొరలకు ఆయన మన ఊళ్ల పేర్లు, నదుల పేర్లే పెట్టారు. పాపఘ్ని, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం వంటి పేర్లు ఆ విధంగా శాస్త్ర గ్రంథాలకు ఎక్కాయి.

అంత తిరిగినా ఆ రాళ్లలో రాక్షసిబొగ్గు దొరకలేదు. దొరికే అవకాశమూ లేదు. కడప రాళ్లు సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట పేరుకోవడం మొదలైంది. పుట్టపర్తి చుట్టూ ఉన్న గుండ్లు ఇంకా పాతవి, 250 కోట్ల ఏళ్లకు పైబడినవి. నేల మీద మొక్కలు పుట్టి 50 కోట్ల ఏళ్లయినా కాలేదు. చెట్టే లేని కాలపు రాతిలో బొగ్గు ఎలా ఉంటుంది? మార్కాపురం పలక నల్లగా ఉన్నా పొయ్యిలో మండదు. నల్లరాయి అంతా బొగ్గు కాదు.

బొగ్గు ఎలా తయారవుతుంది?

మన పల్లెల్లో కంపచెట్లను నరికి, బట్టీ పేర్చి, మట్టి కప్పి కాలిస్తే కొద్ది రోజుల్లో కట్టెబొగ్గు తయారవుతుంది. రాక్షసిబొగ్గుకు నిప్పుతో పని లేదు. దానికి కావలసినవి చెట్లు, నీళ్లు, బరువు, వేడి, కాలం.

చెట్టు పొడినేల మీద పడితే చెదలు తింటాయి, కుళ్లి మట్టిలో కలుస్తుంది. నిలవ నీటి మడుగులో పడితే గాలి తగలక పూర్తిగా కుళ్లదు. చెరువు అడుగున ఆకులు నల్లటి ముద్దగా మారడం అందరూ చూసిందే. వేల ఏళ్లపాటు ఇలా పేరుకున్న ముద్దను పీట్ అంటారు. ఆ తరువాత నేల కుంగి, దానిపై ఇసుక, ఒండ్రు మేట వేస్తే ఆ బరువుకు నీరు పిండుకుపోతుంది. లోతు పెరిగే కొద్దీ వేడి కూడా పెరుగుతుంది. భూమిలో కిలోమీటరు దిగితే సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి హెచ్చుతుంది. ఆ వేడికి నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేన్ వంటివి వెలుపలికి పోయి కర్బనం శాతం పెరుగుతుంది. గనుల్లో ప్రమాదం తెచ్చే వాయువు అలా పుట్టినదే.

పీట్ మొదట గోధుమరంగు లిగ్నైట్ అవుతుంది. ఇంకా వేడి, ఒత్తిడి తగిలితే బిటుమినస్ అనే నల్లబొగ్గు అవుతుంది. అంతకు మించి కాగితే ఆంత్రసైట్ అవుతుంది. అందులో కర్బనం నూటికి 90 పాళ్లకు పైనే. ఒక మీటరు బొగ్గుకు సుమారు పది మీటర్ల పీట్ కావాలని అంచనా.

గోదావరి లోయలో

కడప పని తరువాత కింగ్ గోదావరి వైపు వెళ్లారు. అక్కడ ఎప్పుడో నేల బీటలు బారి, బీటల నడుమ భాగం కుంగి పొడవాటి లోయ ఏర్పడింది. 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందట ఆ పల్లపు నేలలో అడవులు పెరిగి, కూలి, ఇసుక కింద పూడుకుపోయాయి. నాలుక ఆకారపు ఆకులున్న గ్లాసోప్టెరిస్ చెట్ల గుర్తులు ఆ కాలపు రాళ్లలో కనిపిస్తాయి. ఉత్తరాదిన బొగ్గు దొరికిన ఇసుకరాళ్లే ఇక్కడా ఉన్నాయని కింగ్ గుర్తించారు. 1871లో నిజాం రాజ్యంలోని ఇల్లెందు సమీపంలో బొగ్గు ఉన్నట్లు కనుగొన్నారు. భద్రాచలం యాత్రికులు నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుంటే రాళ్లే అంటుకున్నాయని, అప్పుడే సంగతి బయటపడిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ కథ ఎలా ఉన్నా, అది ఏ కాలపు రాయో, ఎటు సాగుతుందో చెప్పగలిగింది కింగ్. ఆ లోయపై ఆయన గ్రంథం 1881లో వచ్చింది.

1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో ఇల్లెందులో ఉత్పత్తి మొదలైంది. 1920 డిసెంబరు 23న ఆ సంస్థ స్థానంలో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ముఖ్యమైన బొగ్గు పొరకు కింగ్ సీమ్ అని పేరు పెట్టారు. సుమారు 350 కిలోమీటర్ల పొడవున ఆ బొగ్గు లోయ ఉంది. 2023-24లో సింగరేణి 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. వేలాది కుటుంబాలు దానిపై బతుకుతున్నాయి. గనుల్లో ప్రాణాలు కోల్పోయిన కార్మికులూ ఎందరో ఉన్నారు.

కింగ్ 1887లో సర్వే శాఖకు డైరెక్టర్ అయ్యారు. 1894 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఇల్లెందు బొగ్గు ఎంతమందికి కూడు పెట్టిందో, ఎంత దూరం వెళ్లిందో చూడటానికి ఆయన లేరు.

ఆయన బొగ్గు దొరకని రాయలసీమకు కూడా ఆ బొగ్గు చేరింది. 1990 దశకంలో కడప జిల్లా ముద్దనూరు సమీపంలో మొదలైన థర్మల్ విద్యుత్ కేంద్రానికి సింగరేణి బొగ్గు రైలు వ్యాగన్లలో వచ్చింది. బోరు మోటారు తిరిగేది, ఇంట్లో దీపం వెలిగేది చాలావరకు అటువంటి బొగ్గుతోనే. కోట్ల ఏళ్లలో తయారైన ఆ పొరలు ఒకసారి తవ్వి కాల్చితే మళ్లీ మనిషి కాలంలో ఏర్పడవు. మోటారు స్విచ్ వేసే రైతు ఈ సంగతి గుర్తుంచుకుంటే కరెంటూ మిగులుతుంది, బావిలో నీరూ మిగులుతుంది.