జాన్ డాల్టన్

జాన్ డాల్టన్ (సెప్టెంబరు 6, 1766 - జూలై 27, 1844) ఇంగ్లాండు దేశానికి చెందిన ప్రసిద్ధ రసాయన, భౌతిక, వాతావరణ శాస్త్రవేత్త. ఆధునిక పరమాణు సిద్ధాంతానికి ఆద్యుడుగా ఇతని పేరు పాఠశాల విద్యార్థులందరికీ పరిచితమే. పుట్టుకతో వచ్చే వర్ణాంధతను గురించి శాస్త్రీయంగా వ్రాసిన తొలి పరిశోధకులలో కూడా ఇతడు ముఖ్యుడు. ఆ లోపం ఇతనికీ, ఇతని అన్నకూ ఉండేది. ఈ కారణం చేతనే ఫ్రెంచి, స్పానిష్, రష్యన్ మొదలైన భాషలలో వర్ణాంధతను డాల్టనిజం అని వ్యవహరిస్తారు. మరణానంతరం భద్రపరచబడిన ఇతని కంటి భాగాలపై జరిపిన జన్యు పరీక్ష ఫలితం 1995లో వెలువడి, ఇతని వర్ణాంధతకు అసలు కారణాన్ని నిర్ధారించింది.

బాల్యము, విద్యాభ్యాసము

డాల్టన్ ఇంగ్లాండు వాయవ్య భాగంలోని కంబర్లాండు ప్రాంతంలో, కాకర్‌మౌత్ పట్టణానికి సమీపాన గల ఈగిల్స్‌ఫీల్డ్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ నేతపని చేసేవాడు. వీరిది క్వేకర్ల శాఖకు చెందిన క్రైస్తవ కుటుంబము. ఇంగ్లాండు అధికారిక చర్చికి వెలుపల ఉన్నవారికి ఆ కాలంలో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల పట్టాలు అందుబాటులో ఉండేవి కావు. అందువలన డాల్టన్ విద్య అంతా గ్రామ పాఠశాలలోను, శాస్త్రాభిరుచి గల పెద్దల వద్దను, స్వయంకృషితోను సాగింది. వారిలో ఎలిహు రాబిన్సన్ అనే బంధువు గణితం పట్ల, వాతావరణ పరిశీలన పట్ల ఇతనికి ఆసక్తి కలిగించాడు.

డాల్టన్ పన్నెండేళ్ళ వయసుకే గ్రామంలో పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. 1781లో కెండాల్ పట్టణానికి వెళ్ళి, అక్కడి క్వేకర్ల పాఠశాలలో సహాయోపాధ్యాయుడుగా చేరాడు. 1785 నుండి ఆ పాఠశాలను అన్న జోనాథన్‌తో కలిసి నడిపాడు. కెండాల్‌లో ఇతనికి లభించిన గురువు జాన్ గఫ్. చిన్నతనంలోనే మశూచి సోకి చూపు పోగొట్టుకున్న గఫ్, స్పర్శ, వాసన, రుచుల ద్వారా మొక్కలను గుర్తించగలిగిన పండితుడు. గణితము, లాటిన్, గ్రీకు భాషలు, వృక్షశాస్త్రము డాల్టన్ ఇతని వద్దనే నేర్చుకున్నాడు. గఫ్ ప్రోత్సాహంతో 1787 మార్చి 24న వాతావరణ దినచర్య వ్రాయడం ప్రారంభించి, మరణించే వరకు, అనగా 57 సంవత్సరాల పాటు, కొనసాగించాడు. అందులో రెండు లక్షలకు పైగా పరిశీలనలు ఉన్నాయి.

మాంచెస్టర్‌లో

1793లో డాల్టన్ మాంచెస్టర్ నగరంలోని న్యూ కాలేజీలో గణితము, ప్రకృతి శాస్త్రము బోధించే ఉపాధ్యాయుడుగా చేరాడు. వాతావరణ విషయాలపై ఇతని తొలి గ్రంథం అదే ఏడాది వెలువడింది. 1794లో మాంచెస్టర్ సాహిత్య, తాత్త్విక సంఘంలో సభ్యుడుగా ఎన్నికయ్యాడు. కళాశాల ఉద్యోగం విడిచిన తరువాత ఇళ్ళలో ప్రైవేటుగా పాఠాలు చెప్పి జీవించాడు. 1817 నుండి చివరి వరకు ఆ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు.

వర్ణాంధతపై పరిశోధన

తనకు రంగుల విషయంలో లోపం ఉన్నదని డాల్టన్‌కు చిన్నతనంలో తెలియదు. ఇతరులు కొన్ని రంగులకు పెట్టిన పేర్లే సరిగా లేవని అతడు తలచేవాడు. పింక్ రంగును ఎరుపుతో జతచేసి మాట్లాడడం అతనికి వింతగా తోచేది, ఎందుకంటే ఆ రంగు అతని కంటికి నీలంగా కనిపించేది. 1790 నుండి వృక్షశాస్త్రం చదువుతూ పువ్వులను వర్ణించవలసి రావడంతో రంగులపై శ్రద్ధ పెరిగింది. ఒక పువ్వు నీలమా, పింకా అని ఎవరినైనా అడిగితే పరిహాసమాడుతున్నాడని వారు అనుకునేవారు.

1792లో ఒకరోజు జెరేనియం జాతి పువ్వును దీపపు వెలుతురులో చూడడం తటస్థించింది. పగటి వెలుతురులో అతనికి ఆకాశనీలంగా కనిపించే ఆ పువ్వు, కొవ్వొత్తి వెలుగులో పూర్తిగా మారి ఎరుపు ఛాయలో కనిపించింది. మిత్రులకు చూపగా రంగులో పెద్ద తేడా ఏమీ లేదని అన్నారు. అన్న జోనాథన్ మాత్రం తమ్మునికి కనిపించినట్లే తనకూ కనిపిస్తున్నదని చెప్పాడు. తనకు కనిపించే లోకం ఇతరుల లోకం వంటిది కాదని, ఈ భేదం తమ కుటుంబంలో ఉన్నదని డాల్టన్‌కు అప్పుడు స్పష్టమైంది.

రెండేళ్ళ తరువాత, 1794 అక్టోబరు 31న, మాంచెస్టర్ సంఘంలో రంగుల దృష్టికి సంబంధించిన అసాధారణ విషయాలపై వ్యాసం చదివాడు. ఇది 1798లో సంఘం సంపుటిలో అచ్చయినది. అందులో తన చూపును అతడు నిస్సంకోచంగా వివరించాడు. ఇంద్రధనుస్సు వంటి వర్ణపటంలో అతనికి ముఖ్యంగా పసుపు, నీలం అనే రెండు రంగులు, వాటితో పాటు ఊదా మాత్రమే కనిపించేవి. ఇతరులు ఎరుపు అనే భాగం అతనికి నీడ వలె ఉండేది. నారింజ, పసుపు, ఆకుపచ్చ ఒకే రంగు యొక్క భేదాలుగా తోచేవి. ఎర్రని లక్క కడ్డీకి, లారెల్ ఆకు పైభాగానికి రంగులో తేడా తెలిసేది కాదు. రక్తం సీసా ఆకుపచ్చను పోలి ఉండేది.

డాల్టన్ తన అనుభవంతో ఆగిపోలేదు. ఇటువంటి చూపు గలవారి కోసం విచారించాడు. తాను పాఠం చెప్పిన 25 మంది విద్యార్థులలో ఇద్దరికి తనవంటి చూపే ఉన్నట్లు గమనించాడు. కంబర్లాండులోని మేరీపోర్ట్ పట్టణంలో హారిస్ అనే చెప్పులు కుట్టేవాని గురించి జోసెఫ్ హడ్డార్ట్ 1777లో ప్రకటించిన వృత్తాంతం అప్పటికే ఉన్నది. హారిస్ నాలుగేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు వీధిలో దొరికిన ఒక మేజోడును అందరూ ఎర్రనిదని ఎందుకు అంటున్నారో గ్రహించలేకపోయాడు. చెర్రీ చెట్టుపై పండ్లను ఆకుల నుండి వేరుగా గుర్తించేందుకు ఆకారం, పరిమాణం తప్ప అతనికి ఆధారం లేదు. అతని సోదరులలో కూడా ఈ లోపం ఉండేది. డాల్టన్ మేరీపోర్ట్‌లోని పరిచయస్తుని ద్వారా ఆ కుటుంబాన్ని గురించి వివరాలు తెప్పించుకున్నాడు. ఈ విధంగా సేకరించిన ఉదాహరణలలో స్త్రీలు ఒక్కరూ లేకపోవడం అతడు ప్రత్యేకంగా గమనించి వ్రాశాడు. దీనికి కారణం తెలియడానికి మరో శతాబ్దం పైగా పట్టింది.

డాల్టన్ ఊహించిన కారణము

కంటి కటకానికి వెనుక నిండి ఉండే జిగురువంటి పారదర్శక పదార్థాన్ని కచావత్ ద్రవం అంటారు. తన కళ్ళలో ఈ ద్రవం నీలి రంగుతో ఉండి, ఎర్రని కాంతిని పీల్చివేస్తున్నదని డాల్టన్ భావించాడు. అయితే 1807లో థామస్ యంగ్ ఈ అభిప్రాయాన్ని అంగీకరించక, నేత్రపటలంలో రంగులను గ్రహించే మూడు రకాల గ్రాహకాలలో ఒకటి లోపించి ఉంటుందని సూచించాడు. డాల్టన్ తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు. కాని అది తప్పో ఒప్పో తేల్చే మార్గాన్ని తానే చూపాడు. తాను మరణించిన తరువాత తన కళ్ళను పరీక్షించవలసినదిగా కోరాడు.

పరమాణు సిద్ధాంతము

వాయువులు నీటిలో కరగడం, వాటి మిశ్రమాల పీడనం మొదలైన విషయాలను గురించిన ఆలోచనలే డాల్టన్‌ను పరమాణువుల వైపు నడిపాయి. వాయు మిశ్రమంలో ప్రతి వాయువూ తన పాక్షిక పీడనాన్ని వేరుగా కలిగిస్తుందని 1801లో తెలిపాడు. 1803 నాటికి సాపేక్ష పరమాణు భారాల తొలి పట్టికను తయారు చేశాడు. 1808లో ప్రచురించిన గ్రంథంలో ఈ సిద్ధాంతాన్ని విపులంగా వివరించాడు. ఒక మూలకపు పరమాణువులన్నీ ఒకే భారం కలిగి ఉంటాయని, వేర్వేరు మూలకాల పరమాణువులు సరళమైన పూర్ణాంక నిష్పత్తులలో కలిసి సమ్మేళనాలు ఏర్పరుస్తాయని దీని సారాంశము. నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువు మాత్రమే ఉంటాయని అనుకోవడం వంటి పొరపాట్లు ఇందులో ఉన్నాయి. అయినప్పటికీ రసాయన శాస్త్రాన్ని కొలతల పునాదిపై నిలిపిన సిద్ధాంతం ఇదే. పరమాణు ద్రవ్యరాశికి వాడే ఒక ప్రమాణానికి డాల్టన్ అని పేరు పెట్టారు.

గౌరవములు, చివరి దినములు

1822లో డాల్టన్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1826లో ఆ సంస్థ రాయల్ పతకంతో సత్కరించింది. 1830లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ తన ఎనిమిది మంది విదేశీ సభ్యులలో ఒకనిగా ఎన్నుకొన్నది. 1832లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1834లో నాల్గవ విలియం రాజు సమక్షానికి వెళ్ళినప్పుడు డాల్టన్ ఈ పట్టాకు సంబంధించిన ముదురు ఎరుపు అంగీని ధరించాడు. ఆ కాలపు క్వేకర్లు ఆడంబరమైన రంగు దుస్తులు ధరించేవారు కారు. డాల్టన్‌కు మాత్రం ఆ అంగీలోని ఎరుపు కనిపించనే లేదు.

డాల్టన్ వివాహం చేసుకోలేదు. 1837లో పక్షవాతం సోకింది, మరుసటి ఏడాది తిరిగి వచ్చిన పక్షవాతంతో మాట స్పష్టత తగ్గింది. 1844 జూలై 27న మాంచెస్టర్‌లో మరణించాడు. ముందురోజు కూడా వణుకుతున్న చేతితో వాతావరణ వివరాలు వ్రాసుకున్నాడు. నగర సభాభవనంలో ఉంచిన పార్థివ దేహాన్ని సుమారు 40,000 మంది దర్శించారు.

కళ్ళపై పరీక్షలు

డాల్టన్ కోరిక ప్రకారం అతని వైద్యుడు జోసెఫ్ రాన్సమ్ మరణానంతరం కళ్ళను పరీక్షించాడు. ఒక కంటిలోని ద్రవాన్ని గాజు పళ్ళెంలోకి తీసి చూడగా అది స్వచ్ఛంగా, ఏ రంగూ లేకుండా ఉన్నది. కటకం మాత్రం ముదివయసులో సహజమైన లేత పసుపు ఛాయతో ఉన్నది. రెండవ కంటికి వెనుక భాగంలో రంధ్రం చేసి, దాని గుండా ఎర్రని, పచ్చని వస్తువులను చూశాడు. వాటి రంగులలో మార్పు కనిపించలేదు. డాల్టన్ ఊహ తప్పని ఆ విధంగా తేలింది. కంటి అవశేషాలను మాంచెస్టర్ సంఘం భద్రపరచింది. 1940 డిసెంబరులో జర్మనీ విమానాల బాంబు దాడిలో సంఘ భవనం ధ్వంసమై డాల్టన్ కాగితాలు అనేకం నాశనమయ్యాయి. కంటి అవశేషాలు మాత్రం మిగిలాయి.

హంట్, దులాయి, బౌమేకర్, మాలన్ అనే శాస్త్రవేత్తలు ఆ అవశేషాల నుండి సూక్ష్మమైన భాగాన్ని తీసి డి.ఎన్.ఏ. పరీక్ష జరిపారు. ఫలితాలు 1995లో, అనగా డాల్టన్ మరణించిన సుమారు 150 ఏళ్ళకు, వెలువడినాయి. డాల్టన్‌లో మధ్యస్థ తరంగదైర్ఘ్యపు కాంతిని, అనగా ప్రధానంగా ఆకుపచ్చను, గ్రహించే వర్ణకానికి చెందిన జన్యువు లేదు. యంగ్ మొదలుకొని అనేకులు అతనిలో ఎరుపును గ్రహించే గ్రాహకమే లోపించినదని భావిస్తూ వచ్చారు. గ్రాహకం లోపించినదన్న యంగ్ సూచన సరియైనది, కాని లోపించినది వేరొకటి.

వంశపారంపర్యము

ఎరుపు, ఆకుపచ్చ రంగులను గ్రహించే వర్ణకాల జన్యువులు ఎక్స్ క్రోమోసోముపై ఉంటాయి. మగపిల్లలకు ఈ క్రోమోసోము తల్లి నుండి మాత్రమే లభిస్తుంది, అదీ ఒక్కటే. అందులో లోపం ఉంటే దానిని కప్పిపుచ్చే రెండవ ప్రతి ఉండదు. ఆడపిల్లలకు రెండు ఎక్స్ క్రోమోసోములు ఉన్నందున, ఒకదానిలో లోపం ఉన్నా సాధారణంగా చూపు బాగానే ఉంటుంది. వారు వాహకులు మాత్రమే అవుతారు. డాల్టన్ సోదరులిద్దరికీ ఒకే లోపం ఉండడాన్ని బట్టి అది తల్లి ద్వారా సంక్రమించినదని చెప్పవచ్చు. డాల్టన్‌కు సంతానం కలిగి ఉంటే కుమారులకు అతని నుండి ఈ లోపం వచ్చేది కాదు, కుమార్తెలందరూ వాహకులయ్యేవారు. ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతం మందికి, స్త్రీలలో దాదాపు 200 మందికి ఒకరికి ఎరుపు-ఆకుపచ్చ వర్ణదృష్టి లోపాలు ఉంటాయి.

స్విట్జర్లాండుకు చెందిన నేత్రవైద్యుడు హార్నర్ ఈ సంక్రమణ క్రమాన్ని 1876లో వివరించాడు. 1911లో విల్సన్ దీనిని ఎక్స్ క్రోమోసోముతో జతపరిచాడు. 1937లో జూలియా బెల్, జె.బి.ఎస్. హాల్డేన్ వర్ణాంధత జన్యువు, రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జన్యువు ఒకే క్రోమోసోముపై దగ్గర దగ్గరగా ఉన్నాయని వంశవృక్షాల ఆధారంగా నిరూపించారు. హాల్డేన్ తరువాతి కాలంలో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. 1986లో జెరెమీ నాథన్స్ బృందం ఈ వర్ణక జన్యువులను వేరుచేసి వివరించడం వలననే డాల్టన్ కళ్ళపై పరీక్ష సాధ్యమైంది.

పిల్లలలో గుర్తించుట

డాల్టన్‌కు ఉన్నటువంటి లోపం పుట్టుకతో రెండు కళ్ళలోనూ ఉంటుంది. వయసుతో పెరగదు, తరగదు, చూపు తీక్షణతను తగ్గించదు. అందువలన పిల్లవానికి గాని, తల్లిదండ్రులకు గాని సులభంగా తెలియదు. ఆకును గోధుమ రంగుతో నింపిన పిల్లవానిని ఉపాధ్యాయుడు అజాగ్రత్తపరుడని, మందబుద్ధి అని పొరబడే అవకాశం ఉన్నది. 1917లో జపాను నేత్రవైద్యుడు ఇషిహారా ప్రకటించిన చుక్కల పటాలు దీనిని గుర్తించడానికి నేటికీ ఉపయోగపడుతున్నాయి. అంకెలు రాని చిన్నపిల్లల చేత ఆ పటాలలోని వంకర గీతలను వేలితో గీయించి పరీక్షిస్తారు. ఈ లోపానికి సాధారణ వాడుకలో ఉన్న చికిత్స లేదు. కాని రంగును మాత్రమే ఆధారం చేసుకోక, పేరు, ఆకారం, స్థానం ద్వారా కూడా బోధిస్తే పిల్లల చదువుకు ఆటంకం ఉండదు.

వర్ణదృష్టి లోపంతో పాటు కనుగుడ్లు అదరడం, వెలుగును భరించలేకపోవడం, చూపు మందగించడం ఉన్నట్లయితే అది వేరు. అటువంటి పిల్లలలో శంకు కణాలు పూర్తిగా పనిచేయని అరుదైన జన్యు వ్యాధులు ఉండవచ్చు కనుక నేత్రవైద్యునికి తప్పక చూపించాలి.