కిటికీ దగ్గర అమ్మ నేర్పిన పాఠం



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారికి వాళ్ల బాబు మీద కంప్లైంట్ చెప్పాను. మార్కులు పర్వాలేదు కానీ, ఖాళీ పీరియడ్ దొరికితే చాలు, టీచర్ల నడక, మాట అనుకరిస్తూ క్లాసంతా నవ్విస్తున్నాడని. నా నడక కూడా చేస్తాడట. ఆవిడ ముఖం చిన్నబోయింది. బాబుకి ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించగలరు. ఇంటికొచ్చాక నాకు ఒక మనిషి గుర్తొచ్చాడు. ఈ నెల మీకు ఆ మనిషి కథే చెప్తాను. పేరు మీ అందరికీ తెలుసు, చార్లీ చాప్లిన్.

మన పిల్లలు ఫోన్లలో చూసే స్టాండప్ కామెడీకి తాతలాంటిది ఆనాటి ఇంగ్లండ్‌లోని మ్యూజిక్ హాల్. ఒక్కరే స్టేజీ ఎక్కి పాడాలి, ఆడాలి, నవ్వించాలి. నచ్చితే జనం చిల్లర విసిరేవారు. నచ్చకపోతే గోల చేసి దించేసేవారు. చార్లీ తల్లి హన్నా, తండ్రి ఇద్దరూ అలా పాడి బతికినవాళ్లే. 1889 ఏప్రిల్ 16న లండన్‌లో చార్లీ పుట్టాడు. కొన్నాళ్లకే తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి తాగుడు వల్ల నలభై ఏళ్లు నిండకుండానే, 1901లో చనిపోయాడు.

చార్లీకి ఐదేళ్లప్పుడు ఒక రాత్రి ఆల్డర్‌షాట్ అనే ఊళ్లో సైనికుల ముందు పాడుతుంటే హన్నా గొంతు జీరబోయింది. జనం వెక్కిరించారు. ఆమె స్టేజీ దిగిపోతే, మేనేజర్ ఆ పసివాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి స్టేజీ మీద నిలబెట్టాడు. చార్లీ పాట అందుకున్నాడు. నాణేలు పడ్డాయి. పాట ఆపేసి, ముందు డబ్బులు ఏరుకుంటానన్నాడు. హాలంతా నవ్వు. ఆ ఊపులో తల్లి పాట పాడుతూ, ఆమె గొంతు ఎలా జీరబోయిందో అదీ అలాగే చేసి చూపించాడు. జనం ఇంకా నవ్వారు. పసివాడికి అది తప్పని తెలియదు. చార్లీ స్టేజీ ఎక్కడం అదే మొదటిసారి. హన్నా ఎక్కడం అదే ఆఖరుసారి. ఈ సంగతి చాప్లిన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

తర్వాత దరిద్రం. హన్నా బట్టలు కుట్టి పిల్లల్ని పోషించింది. అదీ సాగక, చార్లీకి ఏడేళ్లప్పుడు ముగ్గురూ వర్క్‌హౌస్‌లో చేరారు. గతిలేనివాళ్లకు ఇంత తిండి పెట్టి పని చేయించే చోటు అది. అక్కడ తల్లిని, పిల్లల్ని విడదీసేవారు. చార్లీని, అన్న సిడ్నీని పేదపిల్లల బడికి పంపేశారు. చదువు ముక్కలు ముక్కలుగా సాగింది.

అయితే ఒక చదువు మాత్రం ఇంట్లోనే జరిగింది. అద్దె గదిలో ఉన్న రోజుల్లో హన్నా కిటికీ దగ్గర కూర్చుని వీధిలో వెళ్లేవాళ్లను గమనించేది. ఒకతను పాలిష్ లేని బూట్లతో కాళ్లీడ్చుకుంటూ వెళ్తుంటే, భార్యతో గొడవపడి టిఫిన్ తినకుండా బయల్దేరాడని చెప్పేది. ఆ నడక, ఆ ముఖం చేసి చూపించేది. పిల్లలు నవ్వేవారు. మనిషిని చూడటం ఎలాగో ఆ తల్లి దగ్గరే నేర్చుకున్నానని చాప్లిన్ ఎంత పేరొచ్చాకా చెప్పుకున్నాడు.

ఆ తల్లికే మతి చలించింది. 1903లో, పద్నాలుగేళ్ల చార్లీ ఆమెను తానే నడిపించుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అన్న ఓడ ఉద్యోగంలో దూరంగా ఉన్నాడు. తిరిగొచ్చేదాకా చార్లీ ఒంటరి.

ఆ ఏడాదే ఒక నాటకంలో వేషం దొరికింది. చేతికి స్క్రిప్టు ఇచ్చారు. అక్కడికక్కడే చదవమంటారేమోనని చార్లీ వణికిపోయాడు, ఎందుకంటే సరిగా చదవడం రాదు. ఇంటికొచ్చాక సిడ్నీ పక్కన కూర్చుని చదివి వినిపించాడు. దాదాపు 35 పేజీల పాత్ర, మూడు రోజుల్లో కంఠతా వచ్చేసింది.

1908లో ఫ్రెడ్ కార్నో హాస్య బృందంలో చేరాడు. వాళ్లతో అమెరికా వెళ్లాడు. అక్కడ 1913 చివర్లో వారానికి 150 డాలర్ల జీతంతో సినిమాల్లో అడుగుపెట్టాడు. బిగుతు కోటు, వదులు ప్యాంటు, పెద్ద బూట్లు, చిన్న టోపీ, చేతికర్ర, చిట్టి మీసం. 1914లో ఆ దేశదిమ్మరిని లోకం మొదటిసారి చూసింది. 1916 నాటికి అతని ఏడాది ఒప్పందం 6,70,000 డాలర్లు. 1921లో తీసిన 'ద కిడ్' చూడండి. అధికారులు పిల్లవాణ్ణి అనాథాశ్రమానికి లాక్కెళ్తుంటే ఆ దేశదిమ్మరి ఇళ్ల కప్పుల మీద పరుగెడతాడు. వర్క్‌హౌస్ సంగతి తెలిశాక ఆ సీను మీకు వేరుగా కనిపిస్తుంది. అదే ఏడాది తల్లిని అమెరికా రప్పించి, సముద్రం దగ్గర ఇంట్లో ఉంచాడు. 1928లో ఆమె చనిపోయేదాకా చూసుకున్నాడు.

చార్లీ అన్నిట్లో ఆదర్శమని చెప్పను. మొదటి మూడు పెళ్లిళ్లు నిలవలేదు. సెట్‌లో చండశాసనుడు. అయినా ధైర్యం ఉన్నవాడు. 1931లో లండన్‌లో గాంధీజీని కలిసి యంత్రాల గురించి మాట్లాడాడు. 1936లో యంత్రాల మధ్య నలిగే కార్మికుడిగా 'మోడర్న్ టైమ్స్' తీశాడు. 1940లో హిట్లర్‌నే వెక్కిరిస్తూ 'ద గ్రేట్ డిక్టేటర్' తీశాడు. 1952లో లండన్‌కు బయల్దేరగా, అతను తిరిగి రావడానికి అమెరికా అనుమతి రద్దు చేసింది. కుటుంబంతో స్విట్జర్లాండ్‌లో స్థిరపడ్డాడు. ఇరవై ఏళ్లకు, 1972లో, అదే అమెరికా పిలిచి గౌరవ ఆస్కార్ ఇచ్చింది. 1977 క్రిస్మస్ రోజున కన్నుమూశాడు.

చదువు అక్కర్లేదని చెప్పడానికి ఇది రాయలేదండి. చదువు సరిగా అబ్బలేదన్న బాధ చార్లీకి చాలాకాలం ఉంది. పెద్దయ్యాక డిక్షనరీ ముందేసుకుని మాటలు నేర్చుకున్నాడు. మిమిక్రీ చేసే ప్రతి పిల్లాడూ చాప్లిన్ అవుతాడనీ చెప్పను. నేను చెప్పేది ఒక్కటే. ఒకరి నడకను ఉన్నదున్నట్టు చేయాలంటే ముందు ఆ మనిషిని శ్రద్ధగా చూడాలి. ఆ శ్రద్ధకు ప్రోగ్రెస్ కార్డులో గడి లేదు. హన్నా దగ్గర డబ్బు లేదు, ఆరోగ్యం లేదు. పిల్లల పక్కన కిటికీ దగ్గర కూర్చునే కాస్త సమయం మాత్రం ఇచ్చింది.

ఆ అమ్మగారు ఈ పేజీ చదువుతుంటే, ఆ రోజు నేను సగమే చెప్పానండి. మిగతా సగం ఇది. మీ బాబు మనుషుల్ని బాగా చూస్తాడు. వచ్చే వారం మా ఇంగ్లిష్ నాటిక పాఠంలో అన్ని గొంతులూ వాడిచేతే చెప్పిస్తున్నాను. ఒక్క షరతు పెట్టాను, ఎవరి మనసూ నొప్పించకూడదని. వీలైతే ఇంట్లో ఒకసారి నా నడక చేసి చూపించమనండి. నవ్వొస్తే నవ్వేయండి.